అమ్మమ్మ గొంతుకి 1.4 సెకన్లు

గరాజ్ సేల్‌లోనో థ్రిఫ్ట్ షాపులోనో దుమ్ముకొట్టుకుపోయిన క్యాసియో ఎస్‌కే-1 కనబడితే, ఇంట్లో ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే, తెచ్చేసుకోండి. పనిచేయకపోతే మరీ మంచిది. 1986లో వచ్చిన బుల్లి కీబోర్డు ఇది. 32 చిన్న కీలు, లోపలే ఒక మైకు, ఒక స్పీకరు. మైకు ముందు మీరేం అన్నా 1.4 సెకన్ల మేర పట్టుకుని (ఆ ముక్కనే శాంపిల్ అంటారు), అదే శబ్దాన్ని అన్ని కీల మీదా పలికిస్తుంది. కుక్కర్ విజిల్, చప్పట్లు, అమ్మమ్మ "రా బంగారం" అనడం, ఏదైనా సరే.

పరాయి దేశంలో పెరిగే పిల్లలకి ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు వస్తాయి, పద్యాలు వస్తాయి. ఇంట్లో మాత్రం తెలుగు "తిన్నావా, పడుకో, షూస్ వేసుకో" దగ్గర ఆగిపోతుంది. బిగించు, వదులు చెయ్యి, ఊడదియ్యి, గీకు, అతుకు లాంటి క్రియలు వాడే సందర్భమే రాదు. రిపేరు బల్ల దగ్గర అవి లేకుండా పని జరగదు. ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: వస్తువుల పేర్లు ఎలా ఉన్నా పనుల పేర్లు తెలుగులో ఉండాలి. కెపాసిటర్‌కి పుస్తకాల్లో ఏమంటారో వెతకనక్కర్లేదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొట్టతను కూడా కెపాసిటర్ అనే అంటాడు. కానీ "నెమ్మదిగా తిప్పరా, మర తెగుతుంది" అన్న వాక్యం ఏ వర్క్‌షీటులోనూ దొరకదు. మర అంటే స్క్రూ చుట్టూ తిరిగే గాడి.

ఎస్‌కే-1నే ఎందుకంటే, అది 5 చిన్న డబుల్-ఏ బ్యాటరీలతో, అంటే 7.5 వోల్టులతో నడుస్తుంది. లోపల ఎక్కడ చెయ్యి తగిలినా షాక్ కొట్టదు. ఇలాగే శబ్దాన్ని పట్టి పలికించే అదే కాలపు పెద్ద శాంప్లర్ల సంగతి వేరు. ఎన్సోనిక్ మిరాజ్ లాంటివి ఫ్లాపీ పెట్టనిదే లేవవు, పైగా గోడ కరెంటు నేరుగా లోపలికి వస్తుంది. పిల్లలతో మొదలుపెట్టాల్సిన పని కాదది.

మూత విప్పకముందు బ్యాటరీ గది చూడండి. చచ్చిపోయిందని అమ్మేసిన వాటిలో చాలావాటి జబ్బు అక్కడే ఉంటుంది. ఏళ్ల తరబడి మరిచిపోయిన ఆల్కలైన్ బ్యాటరీ కారితే స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. అది క్షారం, కాబట్టి దూదిపుల్లకి తెల్ల వెనిగర్ అద్ది రాస్తే బుసబుసమని పొంగి కరుగుతుంది. పాతరకం జింక్-కార్బన్ బ్యాటరీలు కారితే వచ్చేది ఆమ్లగుణం ఉన్న రసం. దానికి వెనిగర్ కాదు, నీళ్లలో కలిపిన వంటసోడా కావాలి. ఏ బ్యాటరీయో ఒంటి మీద రాసే ఉంటుంది. చేతులకి గ్లవుజులు వేసుకోవాలి. తర్వాత తడిగుడ్డతో తుడిచి, చివరికి 90 శాతం పైనుండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనివ్వాలి.

ఇక్కడ పిల్లలకి ఇవ్వదగ్గ మాటలు రెండున్నాయి. ఇనుప స్ప్రింగుకి ఎర్రగా పట్టింది తుప్పు. రాగి మీద, ఇత్తడి మీద పచ్చగా పట్టింది చిలుము. ఇంగ్లీషులో పిల్లలు రెండింటినీ రస్ట్ అనేస్తారు. తుప్పు తిన్న స్ప్రింగుని సన్న గరుకు కాగితంతో రుద్దాలి. లోహం మెరిస్తే చాలు, అరగదీయకూడదు. చిలుము బ్యాటరీ గదిలోనుంచి వైరు తొడుగు లోపలికి కూడా పాకుతుంది. వైరు చివర ఒలిచి చూడండి. రాగి పోగులు నల్లబడో పచ్చబడో ఉంటే టంకం (సోల్డర్) అంటుకోదు. మెరిసే రాగి దొరికేదాకా కోసేసి, పొడవు చాలకపోతే కొత్త వైరు వేయడమే మేలు.

శుభ్రమయ్యాక కొత్త బ్యాటరీలు వేసి మల్టీమీటర్‌తో రెండు చివర్ల మధ్య కొలవండి. 7.5 లేదా కాస్త ఎక్కువ చూపాలి. రీచార్జబుల్ బ్యాటరీలైతే ఒక్కోటి 1.2 వోల్టులే, ఐదూ కలిపి 6. పరీక్షకి అవి వద్దు. వోల్టులు సరిగ్గా ఉన్నా కీబోర్డు లేవకపోతే అడాప్టర్ జాక్‌ని అనుమానించండి. ఇలాంటి జాకుల లోపల ఒక చిన్న రేకు ఉంటుంది. ప్లగ్గు గుచ్చినప్పుడు అది పక్కకి జరిగి బ్యాటరీని తప్పిస్తుంది, ప్లగ్గు తీయగానే మళ్లీ ఆనుకోవాలి. ఆ రేకు మీద మురికి పట్టినా అది వంగిపోయినా, అడాప్టర్‌తో పనిచేసి బ్యాటరీతో పనిచేయదు.

అడాప్టర్ గురించి ఒక హెచ్చరిక. దీనికి కావాల్సింది 7.5 వోల్టులు, ప్లగ్గు మధ్యలో మైనస్. ఇప్పుడు బజారులో దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్యలో ప్లస్ ఉండేవే. లావు సరిపోయింది కదా అని గుచ్చితే లోపలి చిప్పు మాడిపోవచ్చు. వేసవి సెలవులకి దీన్ని ఇండియా తీసుకెళ్తే అమెరికా అడాప్టర్ ఇంట్లోనే వదిలెయ్యండి. 120 వోల్టుల పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌ని పిన్ను మార్చే ముక్కతో 230లో పెడితే నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది. ఆ ముక్క ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టులని కాదు. తాతగారింట్లో బ్యాటరీలే సుఖం.

ఇక విప్పడం. ప్రతి అడుగుకీ పిల్లల చేత ఫోనులో ఫొటో తీయించండి. పై చిప్పనీ కింది చిప్పనీ కలిపే పట్టీ వైర్లు ఈ వయసుకి పెళుసెక్కి ఉంటాయి. మూత విసురుగా ఎత్తితే అతుకు దగ్గర పుటుక్కున తెగుతాయి. పుస్తకం తెరిచినట్టు ఒక వైపు నుంచి తెరిచి, లేచిన చిప్ప కింద ఏదైనా ఆసరా పెట్టాలి.

మళ్లీ బిగించేటప్పుడు ప్లాస్టిక్ రంధ్రంలో స్క్రూని నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుంటుంది, రెండు మూడుసార్లకి రంధ్రం గుల్లవుతుంది. అందుకని ముందు వెనక్కి, అంటే అపసవ్యంగా, నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట టిక్కుమని స్క్రూ కొంచెం కిందికి జారుతుంది. పాత మర మొదలు దొరికిందన్నమాట. అక్కణ్నించి ముందుకి తిప్పాలి. ఆ టిక్కు పెద్దవాళ్ల కంటే పిల్లల వేళ్లకి తొందరగా తెలుస్తుంది.

కొన్ని కీలు పలకకపోవడం రెండో పెద్ద ఫిర్యాదు. కీల కింద రబ్బరు పట్టీ, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్లలు, వాటి ఎదురుగా బోర్డు మీద కార్బన్ గీతలు ఉంటాయి. బోర్డుని ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో మృదువుగా తుడవాలి. బిళ్లల్ని నూలుగుడ్డతో అద్దినట్టు తుడిస్తే చాలు. గరుకు కాగితం ఇక్కడికి రానే కూడదు, కార్బన్ లేచిపోతే తిరిగి రాదు. అయితే తుడిచే ముందు ఏ కీలు పలకడం లేదో కాగితం మీద వరుసగా గుర్తు పెట్టించండి. అక్కడొకటి ఇక్కడొకటి చెదురుగా ఉంటే మురికి. లెక్కగా, ఒకే దూరంలో చచ్చి ఉంటే మురికి కాదు. కీలని అడ్డవరసలు నిలువువరసలుగా కలిపి చిప్పు చదువుతుంది. ఒక వరస వైరు తెగినా దాని డయోడు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే భాగం) పోయినా ఆ వరస మొత్తం పోతుంది. అప్పుడు మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (వైరు తెగిందో లేదో చెప్పే అమరికలో) పెట్టి వైరు వెంట నడవాలి. అయిదు కీలు కలిపి నొక్కితే ఒకటి మూగబోతోందంటే అది జబ్బు కాదు, దీనికి ఒకేసారి పలికేది నాలుగు స్వరాలే.

హెడ్‌ఫోన్‌లో వినిపించి స్పీకర్లో వినిపించకపోతే ముందు స్పీకర్ మార్చకండి. అడాప్టర్ జాక్ లాంటి కథే ఇక్కడా. అవుట్‌పుట్ జాక్‌లో కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క కొట్టి, ప్లగ్గుని ఇరవైసార్లు గుచ్చి తీయండి. వాల్యూమ్ జరిపితే బరబరమన్నా అదే మందు. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు, అది దుమ్ముని జిగురులా పట్టుకుంటుంది. శబ్దం సన్నగా, నీరసంగా, గుయ్యిమనే హోరుతో వస్తుంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటుని కాసేపు దాచుకునే చిన్న డబ్బాలు) ఎండిపోయి ఉండొచ్చు. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, చార ఉన్న కాలు మైనస్. 40 ఏళ్లయిందని అన్నిటినీ పీకి మార్చే ఉత్సాహం కొందరికి ఉంటుంది. బోర్డు మీది రాగి బాటలు లేచిపోయేది ఆ ఉత్సాహంతోనే.

టంకం పని పెద్దవాళ్లది. 60/40 తగరం-సీసం తీగతో, సోల్డరింగ్ ఐరన్ 320 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టుకుంటే అతుకు తేలికగా కూర్చుంటుంది. సీసం కాబట్టి బల్ల మీద తిండి ఉండకూడదు, కిటికీ తెరవాలి, అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. సీసం లేని తీగ వాడితే ఇంకా మంచిదే, కాస్త ఎక్కువ వేడి కావాలి. జాకుల కాళ్ల చుట్టూ భూతద్దంతో చూస్తే సన్నటి వలయం లాంటి పగులు కనిపిస్తుంది. ప్లగ్గు గుచ్చి గుచ్చి అతుకు ఊగిపోయిందని అర్థం. కొత్త టంకం కాస్త తగిలించి కరిగిస్తే సరిపోతుంది. ఐరన్ మొనకి ముందుగా పలచగా తగరం పట్టించాలని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. దానికి మనకి మాట ఉంది, కళాయి. ఇత్తడి గిన్నెలకి వీధి చివర కూర్చుని కళాయి పూసే అతను చేసింది ఇదే పని, ఇదే తగరంతో. చిల్లు గిన్నెకి వేసే మాటు కూడా టంకమే. అమ్మమ్మని ఫోన్లో అడగమనండి. ఆ పని చూసిన కళ్లు ఇంకా ఉన్నాయి.

శాంపిల్ రికార్డు కాకపోతే బయటి మైకు గుచ్చి చూడండి. దానితో అయితే లోపలి మైకు పోయినట్టే. రెండు కాళ్ల ఎలక్ట్రెట్ మైకు బిళ్ల చవకగా దొరుకుతుంది. వెనక వైపు, లోహపు తొడుగుతో కలిసి ఉన్న కాలు మైనస్. ఫోనులోని అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌ని వైరుతో మైక్ ఇన్‌లోకి పంపాలంటే నేరుగా పెట్టకండి, పగిలిపోయిన గొంతు వస్తుంది. వైరు మధ్యలో వరుసగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, దాని తర్వాత సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 100 ఓమ్‌లది వేస్తే వందో వంతుకి తగ్గుతుంది. నేరుగా మాట్లాడేటప్పుడు మైకుకి జానెడు దూరం బాగుంటుంది. మెల్లగా మాట్లాడితే బరకగా వస్తుంది. ఎందుకంటే ఇది శబ్దాన్ని 8 బిట్లతో దాస్తుంది, అంటే ఎత్తుపల్లాలకి మొత్తం 256 మెట్లే, చిన్న గొంతు అందులో నాలుగైదు మెట్ల మీదే నడుస్తుంది.

బాగయ్యాక కూడా కొన్ని లక్షణాలు లోపాల్లా కనిపిస్తాయి. "సాహితీ" అని పిలిస్తే మొదటి అక్షరం మొద్దుబారుతుంది. ఈ కీబోర్డు సెకనుకి 9,380 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది. అందులో సగం, అంటే 4.7 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని అది పట్టలేదు. 'స'లోని బుస చాలావరకు ఆ పైనే ఉంటుంది. మైకులు మార్చి లాభం లేదు. 'ల'కీ 'ళ'కీ మధ్య తేడా మాత్రం అంతకంటే చాలా కింద ఉంటుంది, కాబట్టి అది నిలుస్తుంది. "కల", "కళ" పక్కపక్కన రికార్డు చేసి వినిపించండి.

పై కీ నొక్కితే గొంతు సన్నబడడమే కాదు, మాట కూడా తొందరవుతుంది. ఒక స్థాయి (ఆక్టేవ్) పైన 1.4 సెకన్లు 0.7 అవుతుంది, ఒక స్థాయి కింద 2.8. ఈ రెండోది తెలుగుకి బలే పనికొస్తుంది. ఇంగ్లీషు మాటల్లో ద్విత్వం ఉండదు, అందుకే పిల్లల నోట "అక్క" "అక"లా వస్తుంది, గడ్డి గడి అయిపోతుంది. ఇలాంటి మాటల్లో ద్విత్వం అంటే నాలుక తగిలి కాస్త ఎక్కువసేపు ఆగడం. ఒకే శాంపిల్‌లో ముందు అమ్మమ్మ "గడ్డి", వెంటనే పిల్లవాడి "గడ్డి" రికార్డు చేయండి, 1.4 సెకన్లలో రెండూ పడతాయి. ఒక స్థాయి కింద కీ నొక్కితే ఆ ఆగడం రెండింతలవుతుంది. ఎవరు ఎంతసేపు ఆగారో చెవికే తెలుస్తుంది, తప్పని ఎవరూ చెప్పనక్కర్లేదు.

సంగీతం నేర్చుకునే పిల్లలుంటే తమ 'స' పాడి రికార్డు చేసి, ఏ కీ మీద ఉన్నది ఉన్నట్టుగా వస్తుందో వెతకనివ్వండి. అక్కణ్నించి నల్లవీ తెల్లవీ కలిపి ఏడో కీ పంచమం. అక్కడ వేగం 1.498 రెట్లు, శ్రుతిశుద్ధ పంచమానికి కావాల్సింది 1.5. తంబురా పక్కన పెట్టినా తేడా దాదాపు తెలియదు. గమకం మాత్రం అడగకండి. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి కీ గెంతుతుంది తప్ప జారదు.

అటక మీద పెట్టేటప్పుడు బ్యాటరీలు తీసెయ్యాలి, లేకపోతే మళ్లీ వెనిగర్ సీసా వెతుక్కోవాలి. తీసిన క్షణం శాంపిల్ పోతుంది. దాన్ని పట్టుకున్న 13 కిలోబైట్ల చిల్లర మెమరీ, కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. కాబట్టి ముందు లైన్ అవుట్ నుంచి కంప్యూటర్లోకి ఒకసారి వినిపించి, ఫైలుకి పేరూ తేదీ పెట్టాకే బ్యాటరీ మూత తెరవండి.