ముఖం చూపించకుండా

శనివారం, రాత్రి

పొద్దున్నే ఇంటిపనులు తెమిల్చుకుని ఎడిటింగ్‌కి కూర్చున్నాను. ఎయిడ్స్‌తో అమ్మానాన్నలు పోయిన అక్కాతమ్ముళ్ల మీద తీస్తున్న చిన్న డాక్యుమెంటరీ. ఇద్దరూ పిన్ని దగ్గర పెరుగుతున్నారు. కెమెరా పట్టిన కుర్రాడు ఫోన్ చేసి, "అక్కా, ఆ పాప ఏడ్చిన షాట్‌తోనే మొదలుపెడదాం. చూసినవాళ్లు అప్పటికప్పుడు డబ్బు పంపిస్తారు" అన్నాడు. వాడి తాపత్రయం నాకు తెలుసు. ఆ పిల్లలకి ఏదో ఒకటి జరగాలని వాడికీ ఉంది. కానీ ఆ ఏడుపు దానంతటది వచ్చింది కాదు. "అమ్మ గుర్తొస్తుందా?" అని మేం అడిగితే వచ్చింది. జవాబేమీ చెప్పకుండా "సాయంత్రం ఇంకోసారి మాట్లాడుకుందాం" అన్నాను.

మధ్యాహ్నం 'ద బ్లడ్ ఆఫ్ యింగ్‌జౌ డిస్ట్రిక్ట్' మళ్లీ పెట్టుకుని చూశాను. దర్శకురాలు రూబీ యాంగ్, నిర్మాత థామస్ లెనన్. 2006లో వచ్చింది, నలభై నిమిషాలు కూడా ఉండదు. 2007లో డాక్యుమెంటరీ లఘుచిత్రాల విభాగంలో ఆస్కార్ అందుకుంది.

చైనాలో అన్‌హుయ్ రాష్ట్రపు పల్లెల కథ అది. 1990లలో అక్కడా, పక్కనున్న హెనాన్‌లోనూ పేద రైతులు ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, అమ్ముకునేవారు. చాలామంది రక్తాన్ని ఒకచోట కలిపి, ప్లాస్మా తీసేసుకుని, మిగిలిన ఎర్ర కణాల్ని తిరిగి వాళ్లకే ఎక్కించేవారు. అలాగైతే నీరసం రాదు, త్వరగా ఇంకోసారి అమ్ముకోవచ్చు. వాళ్లలో ఒక్కరికి హెచ్‌ఐవీ ఉన్నా చాలు, మిగతావాళ్లకీ అంటుకునేది. పిల్లల్ని చదివించుకోవాలనో, ఇల్లు కట్టుకోవాలనో రక్తం అమ్మినవాళ్లు, చివరికి ఆ పిల్లల్నే దిక్కులేనివాళ్లని చేసి పోయారు.

ఆ సినిమాలో హెచ్‌ఐవీ ఉన్న ఒక పసివాడున్నాడు. చిన్నాన్న పెళ్లి చేసుకోవాలి, వీడు ఇంట్లో ఉంటే పిల్లనెవరిస్తారని భయం. పెదనాన్నకి తన పిల్లల్ని ఊరు వెలేస్తుందని భయం. వాళ్లని దుర్మార్గులుగా చూపించలేదు రూబీ యాంగ్. భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఓపిగ్గా చూపించింది, అంతే. పిల్లాడు సినిమా దాదాపు అయిపోయేదాకా పెదవి విప్పడు. మాట్లాడించాలని కెమెరా తొందరపడదు, పక్కనే ఉండి చూస్తుంది. అయినా ఎవరైనా వాణ్ణి దగ్గరికి తీసుకుంటే బాగుండునని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. సాయం చెయ్యాలన్న బుద్ధి పుట్టడానికి ఏడుపే చూపించనక్కర్లేదని నాకు నమ్మకం కుదిరింది ఈ సినిమాతోనే.

దీనికి తోడు ఒక నియమం ఉంది. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల పేరు మార్చాలి, ముఖం గుర్తుపట్టకుండా చెయ్యాలి అంటుంది యునిసెఫ్. విషయం పూర్తిగా తెలిసి పిల్లలో పెద్దలో ఒప్పుకుంటే తప్ప. మా డాక్యుమెంటరీలో ఆ పాప తమ్ముడికి హెచ్‌ఐవీ ఉంది. రేపు బళ్లో వాడి పక్కన ఎవరూ కూర్చోకపోతే, వచ్చిన చందాలు ఏం చేసుకుంటాడు?

అందుకే రషెస్, అంటే కత్తిరించకముందు తీసిన దృశ్యాలన్నీ, మళ్లీ మొదట్నుంచీ తిరగేశాను. దొరికింది! పాప గడపలో కూర్చుని తమ్ముడికి తల దువ్వుతోంది. వెనక నుంచి తీసింది, ఇద్దరి ముఖాలూ కనబడవు. దువ్వెన నీళ్లలో ముంచుతుంది, చిక్కు తగిలిన చోట కుదుళ్లు వేళ్లతో బిగించి పట్టుకుని చివర్ల నుంచి విడదీస్తుంది, వాడికి నొప్పెట్టకుండా. అచ్చం అమ్మ చేసినట్టే! ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఒక్క కట్ కూడా లేకుండా అలాగే ఉంచేశాను.

చివర్లో వేసే అక్షరాలు కూడా మార్చాను. 'అనాథాశ్రమానికి విరాళం' అని ఉండేది. ఈ పిల్లలకి ఇల్లు ఉంది, పిన్ని ఉంది. ఎయిడ్స్‌తో కన్నవాళ్లు పోయిన పిల్లల్లో ఎక్కువమందిని సాకుతున్నది అమ్మమ్మలు, పిన్నులు, మేనమామలే. డబ్బు ఆ ఇంటికే చేరాలి: బడి ఖర్చులకి, తిండికి, నెలనెలా మందుల కోసం ఆస్పత్రికి వెళ్లొచ్చే ఛార్జీలకి. మందులు మానకుండా వేసుకుంటే తమ్ముడు పెద్దవాడై అందరిలా బతుకుతాడు.

సాయంత్రం కుర్రాడికి కొత్త కట్ పంపాను. చాలాసేపటికి ఫోన్ చేసి, "ఇదే ఉంచుదాం అక్కా, ముందు వాళ్ల పిన్నికి చూపిద్దాం" అన్నాడు. ఆవిడ వద్దన్న షాట్ ఏదైనా తీసేద్దామని అనుకున్నాం. బుధవారం వెళ్తున్నాం.