గేదె ఈసుకుపోతే దిష్టి తీయమన్నారు: బ్రూసెల్లోసిస్‌తో నా అనుభవం

చూడి గేదెల కడుపు పోగొట్టి, మనుషులకూ సోకే బ్రూసెల్లా అనే క్రిమి రోగానికి చేయించిన రక్త పరీక్ష రిపోర్టు నిన్న వచ్చింది. కొట్టంలో ఉన్న గేదెలన్నీ మళ్లీ నెగెటివ్. రాత్రి చాలా కాలానికి నిద్ర పట్టింది. ఈ ఊపులోనే రాసేస్తున్నాను, నేను పడ్డ పాట్లు ఇంకో పాడి రైతు పడకూడదు.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. పొలం మా ఆయన చూసుకుంటారు, పాడి నాది. అన్నీ ముర్రా గేదెలు. ఎనిమిదో నెల చూడితో ఉన్న గేదె ఉన్నట్టుండి ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడను పడేసింది, మాయ కూడా పడలేదు. కొన్ని వారాలకు ఇంకోటి, అదీ ఏడు నెలలు నిండాకే. ఒక్కటే అయితే జారిపడిందనో, పక్కది పొడిచిందనో అనుకోవచ్చు. ఒకే కొట్టంలో వరసగా, అదీ నెలలు ముదిరాక పోతున్నాయంటే మొదట అనుమానించాల్సింది బ్రూసెల్లానే.

మా చెల్లెలి కొడుకు గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుతున్నాడు. ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట, "పెద్దమ్మా, చేతులకు గ్లోవ్స్ వేసుకున్నావా?" అని. వాడు చెప్పినట్టే చేశాం. పడిపోయిన దూడను, మాయను కుక్కలు లాగలేనంత లోతు గొయ్యిలో సున్నం వేసి పూడ్చాం. తడిసిన గడ్డి కాల్చేశాం, నేలంతా బ్లీచింగ్‌తో కడిగాం, ఈసిన గేదెలను విడిగా కట్టేశాం. ఇదంతా తేలికగానే అయిపోయింది. అసలు కష్టం రక్త పరీక్ష దగ్గర మొదలైంది.

ఏ పశువుల ఆఫీసో చెప్పను. నేను వెళ్లేసరికి అక్కడ పది మంది రైతులు ఉన్నారు. రెండు గేదెలు ఈసుకుపోయాయి, రక్తం తీసి ల్యాబ్‌కు పంపించండి అన్నాను. టేబుల్ దగ్గరున్న ఆయన తలెత్తకుండానే, "దానికి ల్యాబ్ దేనికమ్మా, దిష్టి తగిలి ఉంటుంది, నిమ్మకాయ తిప్పి పడెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కదలకపోయేసరికి, "ఇంట్లో మగవాళ్లెవరూ లేరా, వాళ్లను రమ్మనండి" అన్నాడు. పద్నాలుగేళ్లుగా పాడి చేస్తున్నాను. మా ఊళ్లో ఏ గేదె ఎదకొచ్చిందో చూసి చెప్పమని మగవాళ్లే నన్ను పిలుస్తారు. అంతమంది ముందు ఆ మాట పడి బస్సెక్కి ఇంటికొచ్చి ఏడ్చాను.

మళ్లీ వెళ్లాను. ఈసారి గొంతు తగ్గించి, "పాజిటివ్ అని కాగితం వస్తే మీ పాలు ఎవరూ పొయ్యించుకోరు, గమ్మునుండటం మీకే మంచిది" అన్నాడు. పశువుల అంటురోగాల మీద 2009లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి రోగం అనుమానం వస్తే చెప్పడం యజమాని బాధ్యత. ఆ మాట అంటే, "మీరు చదువుకున్నవాళ్లలా ఉన్నారే" అని వెటకారం. చివరికి మనిషిని పంపారు. అతను రక్తం తీసి, సీసాను గడగడ ఊపి, మండుటెండలో బండి డిక్కీలో పడేసుకుని వెళ్లాడు. తర్వాత వచ్చిన కాగితంలో రాసింది ఒక్కటే: నమూనా పరీక్షకు పనికిరాదు.

ఎందుకు పనికిరాలేదో ఎవరూ చెప్పలేదు, మా వాడిని అడిగి తెలుసుకున్నాను. ఈ పరీక్షకు కావలసింది రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం. ఊపితే, వేడి తగిలితే రక్తకణాలు పగిలి సీరం ఎర్రబడిపోతుంది. సీసాను కదిలించకుండా నిలబెట్టాలి. సీరం తేరాక వేరు చేసి ఐస్ పెట్టెలో పంపాలి. రక్తం తీసేటప్పుడు మీరు పక్కనే నిలబడి చూడండి, మొహమాటపడొద్దు. ఇంకో సంగతి, ఈసుకుపోయిన కొద్ది రోజులకే పరీక్ష చేస్తే రోగం ఉన్నా నెగెటివ్ రావచ్చు. నెల తిరిగాక మళ్లీ చేయించాలి.

పక్క మండలం డాక్టరు గారు మాత్రం దేవుడిలా ఆదుకున్నారు. తానే వచ్చి అన్నిటికీ రక్తం తీశారు, రోజ్ బెంగాల్ పరీక్ష నా కళ్లముందే చేసి చూపించారు. పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క గులాబీ రంగు మందు కలిపి నాలుగు నిమిషాలు అటూ ఇటూ వంచుతారు. రోగం లేకపోతే అలాగే ఉంటుంది. మా రెండు గేదెలవీ పాలు విరిగినట్టు పలుకులు కట్టేశాయి. వాటి పక్కన కట్టే ఇంకోటి కూడా పాజిటివే. అది అప్పటికి ఈసుకుపోలేదు.

ఆ సాయంత్రమే బేరగాడు దిగాడు. ఎవరు చెప్పారో మరి. "వదినా, మూడూ సంతకు తోలేద్దాం, పొదుగులు చూసి ఎగబడతారు" అన్నాడు. మా అత్తగారి తరఫు వాళ్లూ అదే పాట. ఈ రోగానికి పశువుల్లో నమ్మదగిన వైద్యం లేదు. ఆ గేదె వెళ్లిన ప్రతి కొట్టంలోనూ ఈనినప్పుడో ఈసినప్పుడో రోగం దించుతుంది. అప్పు చేసి కొనుక్కునే ఆడమనిషి కళ్లు నాకు కనిపించాయి, అమ్మనని తెగేసి చెప్పాను. తెలిసి సంతలో అమ్మేవాళ్లు, అమ్మించేవాళ్లు పాపం మూటగట్టుకుంటున్నారు. ఈ రోగం మన జిల్లాల్లో తిరుగుతున్నది సంతల్లోనే.

ఆ మూడింటికీ పొలం గట్టున వేరే పాక వేశాం. మంచి గేదెల పని అంతా అయ్యాకే అక్కడికి వెళ్తాను. బకెట్టు, చెప్పులు, పార అన్నీ వేరు. ఈనినా అక్కడే. దున్నపోతుతో దాటించడం మానేశాం, పరీక్ష చేసిన పోతుల సెమెన్‌తో చూడి కట్టే సూదే. పాలు పొంగు వచ్చేదాకా కాచందే ఎవరూ నోట పెట్టరు, కాచితే ఈ క్రిమి చస్తుంది.

ఈ గొడవలో మా ఆయన సంగతీ బయటపడింది. సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అని మందులు వాడుతూనే ఉన్నారు. ఆ పశువుల డాక్టరు గారే మా ఆయనకు బ్రూసెల్లా పరీక్ష చేయించమన్నారు. ఆరు వారాలు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ వాడాక తేరుకున్నారు. పాడి ఉన్న ఇంట్లో వదలని జ్వరమొస్తే మీ డాక్టరుకు గేదెల సంగతి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు నా దృష్టి అంతా పడ్డదూడల మీదే. ఈ రోగం రాకుండా వేసే ఎస్-19 టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, ఆడదూడలకే, జన్మకు ఒక్కసారి. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఉచితం. ఆ వయసు దాటితే వేయరు, అందుకే పుట్టిన తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి సూది పొరపాటున మనిషికి గుచ్చుకోకుండా దూడను గట్టిగా పట్టుకోవాలి. "ఈసారి స్టాకు లేదు" అని పంపేస్తే పేరు రాయించి రండి, వచ్చే వారం మళ్లీ వెళ్లి అడగండి. మా చిన్న పడ్డకు వచ్చే నెలలో నాలుగు నిండుతాయి, ఇప్పటికే పేరు రాయించేశాను.