తన కథను పక్కన పెట్టడం నేర్పే పని

వ్యసనం నుంచి బయటపడినవారు, ఇంకా అందులో ఉన్నవారికో అప్పుడప్పుడే బయటపడుతున్నవారికో తోడుగా నిలిచే పనిని పీర్ రికవరీ కోచింగ్ అంటున్నాం. కొన్నేళ్లు ఆ పని చేసిన నేను ఇప్పుడు అందులోకి రాబోయేవారికి శిక్షణ ఇస్తున్నాను. శిక్షణకు వచ్చేవారిలో చాలామంది మొదటి రోజు తమ పేరు చెప్పిన వెంటనే తాము మానేసి ఎన్నేళ్లయిందో చెబుతారు. ఆ గొంతులో గర్వం ఉంటుంది, ఉండవలసిందే. ఆ అనుభవమే లేకపోతే ఈ పనికి వారిని ఎవరూ పిలిచేవారు కాదు. అయితే లోపలికి రావడానికి అర్హతగా నిలిచిన ఆ అనుభవాన్నే, వచ్చిన తరువాత అన్నిటికంటే ముందు వారు అదుపులో పెట్టుకోవలసి వస్తుంది. శిక్షకుడిగా నా శ్రమలో పెద్ద భాగం ఈ ఒక్క విషయానికే పోతుంది.

బాధపడినవాడి మాట బాధపడుతున్నవాడికి త్వరగా చేరుతుందన్న గ్రహింపు కొత్తది కాదు. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కొందరు తాగుడు మానేస్తామని ప్రతిజ్ఞ చేసి, తమలాంటి వారిని కూడగట్టి, వాషింగ్టోనియన్లుగా పేరు పొందారు. 1935లో ఏక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలుసుకోవడంతో, తాగుడు మానాలనుకునేవారు సమావేశాల్లో కలిసి ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. అక్కడ కొత్తవారికి తోడుండే పాత సభ్యుడైన స్పాన్సర్‌కూ నేడు మనం చెప్పుకునే కోచ్‌కూ పోలికలు ఉన్నా, ఇద్దరి పని ఒకటి కాదు. స్పాన్సర్ తాను నడిచిన, ఆ బృందం సూచించే పన్నెండు మెట్ల దారిలోనే ఇంకొకరిని నడిపిస్తాడు, అందుకు డబ్బు తీసుకోడు. కోచ్ ఏ ఒక్క దారికీ కట్టుబడి ఉండకూడదు. తరచుగా ఒక సంస్థ తరఫున, జీతానికి, పై అధికారికి జవాబుదారీగా పనిచేస్తాడు. కౌన్సెలర్‌లా రోగనిర్ధారణ చేయడం, చికిత్స చేయడం అతని పరిధిలోకి రావు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్‌కు వెంట వెళ్లడం, గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు నింపించడం, అద్దె ఇల్లు వెతకడంలో సాయపడడం, అన్నిటినీ మించి తిట్టకుండా కూర్చుని వినడం అతని పనులు.

ఈ పని ఉద్యోగంగా మారడానికి కొన్ని మలుపులు కారణమయ్యాయి. 1998లో మొదలైన కనెక్టికట్ కమ్యూనిటీ ఫర్ అడిక్షన్ రికవరీ అనే సంస్థ రూపొందించిన 30 గంటల కోచ్ శిక్షణ, దానితో పాటు శిక్షకులను తయారుచేసే శిక్షణ, చాలా చోట్లకు వ్యాపించాయి. 2007లో అమెరికా ప్రభుత్వం పీర్ సహాయ సేవలకు, పేదల కోసం నడిచే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నిధులు వాడుకోవచ్చని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ లేఖలోనే శిక్షణతో పాటు పర్యవేక్షణ కూడా ఉండాలని షరతు పెట్టింది. 2023లో మానసిక ఆరోగ్యం, వ్యసనాల సేవలు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ సాంసా ప్రకటించిన నమూనా ప్రమాణాలు 40 నుంచి 60 గంటల శిక్షణను, 120 గంటల పర్యవేక్షిత అనుభవాన్ని సూచించాయి. ఈ అంకెల్లో నాకు రెండోదే ముఖ్యంగా కనిపిస్తుంది. తరగతి గదిలో నేర్పగలిగినది కొంతే. నిజమైన మనిషి ఎదుట కూర్చుని మాట్లాడిన తరువాత, ఆ సంభాషణను గురించి అనుభవజ్ఞుడితో నెమ్మదిగా చర్చించుకున్నప్పుడు మిగతాది అబ్బుతుంది. శిక్షణకు ఖర్చు పెట్టి పర్యవేక్షణకు పెట్టని సంస్థలు చాలానే ఉన్నాయి. అలాంటి చోట కోచ్‌ను చవకగా దొరికే పనివాడిగానే చూస్తున్నారన్నది నా అభిప్రాయం.

తరగతిలో మేము ఎక్కువగా చేసేది జంటల అభ్యాసం. ఒకరు తమ జీవితంలోని నిజమైన చిన్న ఇబ్బంది చెబుతారు, ఇంకొకరు వింటారు, మూడో వ్యక్తి గమనిస్తారు. వినేవారికి నేను పెట్టే నియమం ఒక్కటే: సలహా ఇవ్వకూడదు, తన సంగతి చెప్పకూడదు. చూడడానికి ఇది చాలా తేలికగా కనిపిస్తుంది. కానీ కాసేపటికే చాలామంది నోట "నాకూ అచ్చం ఇలాగే జరిగిందండీ" అన్న మాట జారుతుంది, అంతటితో సంభాషణ వినేవారి వైపు తిరిగిపోతుంది. గమనించేవారు సరిగ్గా ఆ క్షణంలోనే చెయ్యి ఎత్తాలి. మొదట్లో అందరూ నవ్వుకుంటారు, తరువాత కొందరికి చిరాకు వస్తుంది, మధ్యాహ్నానికి గది నిశ్శబ్దమవుతుంది. మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో రాసిన వ్యాసంతో రూపుదిద్దుకున్న, మారాలన్న కోరికను ఎదుటివారి నోటే రాబట్టే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో, ఎదుటివారిని వెంటనే సరిచేయాలన్న తొందర ఎంత బలంగా ఉంటుందో ప్రత్యేకంగా చెబుతారు. మనం మార్పు కోసం గట్టిగా వాదిస్తే, ఇంకా తేల్చుకోలేక ఊగిసలాడుతున్న మనిషి మారకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు. తాను బతికి బయటపడినవాడిలో ఈ తొందర మరింత ఎక్కువగా ఉండడం సహజమే, ఎందుకంటే ఎదుటివాడు నడుస్తున్న బాట చివర ఏముందో అతనికి తెలుసు.

అలాగని సొంత కథ చెప్పనే కూడదని నేను బోధించను. అది పూర్తిగా లేకపోతే ఈ పనికీ కౌన్సెలింగ్‌కూ తేడా ఏముంటుంది? చెప్పే ముందు "ఇది ఇప్పుడు ఎవరికోసం చెబుతున్నాను" అని తనను తాను ప్రశ్నించుకోవాలి, చెబితే రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి, చెప్పిన వెంటనే సంభాషణను ఎదుటివారికి తిరిగి అప్పగించాలి. "నేను కూడా మొదటి నెలలో నిద్రపోలేకపోయాను. మీకు రాత్రులు ఎలా గడుస్తున్నాయి?" అని అడిగితే చాలు. ఆ నిద్రలేని రాత్రుల్లో తనకేమేం జరిగిందో అరగంట చెప్పేవారిని నేను ఆపుతాను, అందుకు కొందరు నామీద కోపంగా ఉంటారు.

అన్నిటికంటే గట్టి తగువు మందుల దగ్గర వస్తుంది. ఏ మందూ లేకుండా, సమావేశాల బలంతోనే మానేసినవారు, హెరాయిన్ వంటి మత్తుపదార్థాల వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్ వాడుతూ స్థిరంగా ఉన్నవారిని "ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకున్నారు" అనడం నేను తరచుగా వింటాను. ఈ చర్చను ఎవరి నమ్మకం వారిదని సర్దిచెప్పి వదిలేయడానికి వీలు లేదు, ఎందుకంటే దీనితో ప్రాణాలు ముడిపడి ఉన్నాయి. హెరాయిన్ వంటి ఓపియాయిడ్లకు అలవాటుపడిన శరీరం, కొంతకాలం వాటికి దూరంగా ఉంటే వాటిని తట్టుకునే శక్తిని కోల్పోతుంది. చికిత్స కేంద్రం నుంచో జైలు నుంచో బయటికి వచ్చినవారు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఆ రెండు మందులూ చావుల సంఖ్యను తగ్గిస్తాయని ఎన్నో పరిశోధనల్లో తేలింది. కాబట్టి మందు మానేయమని ఒత్తిడి తెచ్చే కోచ్, ఎంత సదుద్దేశంతో అన్నా, ప్రమాదకరమైన పని చేస్తున్నట్టే. మద్యం విషయంలో ప్రమాదం ఇంకోలా ఉంటుంది. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. "ఈ రోజే మానేయండి, నేను ఉన్నాను కదా" అనే ప్రోత్సాహం అప్పుడు సరిపోదు, ఆసుపత్రికి పంపాలి. ఓపియాయిడ్ల మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవారిని కాపాడే నలోక్సోన్ అనే మందును ఎలా వాడాలో చేతితో చేయించి చూపకుండా ఏ శిక్షణనూ ముగించకూడదన్నది నా పట్టుదల.

డబ్బు అప్పివ్వకూడదు, విన్న విషయం బయట చెప్పకూడదు, ఆత్మహత్య మాట వినిపిస్తే ఒక్కరే మోయకుండా వెంటనే పై వారికి చెప్పాలి వంటి హద్దులు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి కనుక వాటిని ఇక్కడ వివరించను. అర్ధరాత్రి ఫోన్ విషయం మాత్రం ప్రతి బృందంలోనూ వాదనకు దారితీస్తుంది. కొందరు సంస్థ నియమం ప్రకారం ఫోన్ ఆపేయాలంటారు, మరికొందరు తమను కాపాడినది అర్ధరాత్రి ఎవరో ఎత్తిన ఫోనేనని గుర్తు చేస్తారు. రెండో మాటను నేను కొట్టిపారేయలేను. అయినా ఆ భారాన్ని ఒక్కరి నిద్ర మీద మోపకుండా వంతులవారీగా పంచుకునే ఏర్పాటు సంస్థే చేయాలని అంటాను.

కోచ్‌ను శిక్షకుడిగా మార్చేటప్పుడు ఇదే సమస్య మరో రూపంలో తిరిగి వస్తుంది. బాగా పనిచేసే కోచ్ మంచి శిక్షకుడు అవుతాడన్న నమ్మకం లేదు. ఒక మనిషి ఎదుట మౌనంగా కూర్చోవడం నేర్చుకున్నవారు కూడా, ఇరవై మంది ముందు నిలబడేసరికి ఉపన్యాసంలోకి దిగి, తాను కోచ్‌గా సాధించిన విజయాలనే పాఠంగా చెప్పడం మొదలుపెడతారు. అందుకే కొత్త శిక్షకులకు మొదట ఉపన్యాసం అప్పగించను, జంటల అభ్యాసాన్ని గమనించే పని ఇస్తాను. తప్పును పట్టుకోవడం, దాన్ని ఎదుటివారు చిన్నబోకుండా చెప్పడం, చెప్పిన తరువాత ఊరుకోవడం అక్కడ నేర్చుకుంటారు.

ఇక శిక్షకుల గురించి గానీ కోచ్‌ల గురించి గానీ ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడని విషయం, వారే మళ్లీ అలవాటులోకి జారడం. రోజంతా ఇతరుల కోలుకోవడం గురించి మాట్లాడితే తమ కోలుకోవడం దానంతట అదే సాగుతుందని అనుకునేవారు ఎక్కువ, అది నిజం కాదు. పని చేసే చోటే సాయం పొందడానికి సిగ్గుపడి, తమ సమావేశాలకు వెళ్లడం మానేసి, ఎవరికీ తెలియకుండా కుంగిపోయేవారిని చూశాను. జారిన కోచ్‌ను ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోని సంస్థ, ఆ రోజు రాగానే కోపంతోనో జాలితోనో నిర్ణయం తీసుకుంటుంది. నా శిక్షణ చివరి పూట ప్రతి ఒక్కరి చేత ఒక కాగితం రాయిస్తాను: తాము తడబడితే ముందుగా ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ వారం తాము చూసుకుంటున్నవారిని ఎవరికి అప్పగిస్తారు, తిరిగి పనిలోకి ఎప్పుడు రావాలో ఎవరు తేలుస్తారు. మూడో ప్రశ్నకు జవాబు రాయలేక చాలామంది తమ సంస్థకు ఫోన్ చేసి అడగవలసి వస్తుంది. ఆ జవాబు వచ్చి, కాగితం పూర్తయ్యేదాకా సర్టిఫికెట్ల మీద నేను సంతకం పెట్టను.