ఎనిమిది మందిలో ఒకరు

మన పౌరశాస్త్రం మాస్టారు శాసనసభ పాఠానికి ముందు బోర్డు మీద రెండు అంకెలు వేసేవారు: 294, 8. మొదటిది 1978లో ఆంధ్రప్రదేశ్ సభలోని స్థానాలు, రెండోది సీపీఎం గెలిచినవి. సభ నడవాలంటే ఉండాల్సిన కనీస హాజరు, అంటే కోరానికి పదో వంతు, 30 మంది ఉండాలి. ఆ ఎనిమిది మందీ వచ్చి కూర్చున్నా కోరానికి పాతిక శాతం దాటి కొంచెమే. ఆ ఎనిమిది మందిలో ఒకరు తుంగతుర్తి నుంచి గెలిచిన మల్లు స్వరాజ్యం.

ఆమెది యూనిఫాం సైన్యం కాదు, గెరిల్లా దళం. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద తెలంగాణ సాయుధ పోరాటానికి పిలుపు వచ్చేనాటికి ఆమెకు పదహారేళ్లు. వడిసెలలు, కర్రలు, కారప్పొడితో మొదలైన ప్రతిఘటన తుపాకుల దాకా వెళ్లింది. రాజక్క పేరుతో తిరిగిన ఆమె తలకు సర్కారు కట్టిన వెల 10,000 రూపాయలు. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించారు. ఆమె సభలో అడుగుపెట్టేసరికి మరో పాతికేళ్లు దాటాయి. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి మాత్రం అదే తుంగతుర్తి నుంచి 1967లోనే గెలిచారు.

దళం భూమి పంచాలంటే ఊరంతా కూడి హద్దురాళ్లు పాతితే సరి. సభకు వచ్చాక ఎదురైంది 1973 నాటి భూపరిమితి చట్టం. అయిదుగురు దాకా ఉన్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి (నీటిపారుదల ఉన్న నేల) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 పరిమితి. అయిదుకు మించిన ప్రతి మనిషికీ అయిదో వంతు అదనం, మొత్తం మీద రెండింతలు దాటకూడదు. లెక్క తప్పేది ఇక్కడే. తరిని పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, ఖుష్కిగా రాయిస్తే పరిమితికి మించిన మిగులు భూమి మాయం. పాత తేదీ వేసిన పంపకాలు, బినామీ పట్టాలు సరేసరి. ట్రిబ్యునల్ మిగులు తేల్చినా అప్పీలు ఉంది, ఆపైన హైకోర్టులో రివిజన్ ఉంది. స్టే వస్తే కాగితం మీది ఎకరం కాగితం మీదే ఉంటుంది.

అందుకే ఇలాంటి విషయంలో సభ్యులు ‘ఎంత మిగులు?’ అని ఒక్క ముక్కలో అడిగితే దండగ. తేల్చింది ఎంత, స్వాధీనం చేసుకున్నది ఎంత, పంచింది ఎంత, స్టేలో చిక్కింది ఎంత అని విడివిడిగా అడగాలి. అదీ నక్షత్రం గుర్తు ప్రశ్నగా వేయాలి. దానికి మంత్రి లేచి చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు వీలుంటుంది. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబుతో సరిపెడతారు. బలం తక్కువున్న పక్షానికి ఈ తేడాయే ఆయుధం.

1983లో తెలుగుదేశం గాలిలోనూ స్వరాజ్యం మళ్లీ గెలిచారు. పార్టీ బలం మాత్రం అయిదుకు పడింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ తొలగించిన సంక్షోభం తర్వాత సభ రద్దయింది. అయిదేళ్లకని గెలిచిన సీటు రెండేళ్లయినా నిలవలేదు.