ఆర్15 నుంచి 650 దాకా: మన రోడ్ల మీద ఏ ఫెయిరింగ్ బండి ఎంతకు తూగుతది

ఫెయిరింగ్ అంటే బండి ముందునూ ఇంజన్‌నూ కప్పే ప్లాస్టిక్ తొడుగు. యమహా ఆర్15 వీ4 ముందు నిలబడి చూస్తే యూఎస్‌డీ ఫోర్కు (తలకిందులుగా బిగించిన ముందు షాక్ అబ్జార్బర్) బంగారు రంగులో మెరుస్తుంటది. దానికి నాలుగింతల ధర పలికే కవాసకి నింజా 650కి మాత్రం మామూలు టెలిస్కోపిక్ ఫోర్కే, 41 మి.మీ.ది. ఒక్క ఫోర్కులే చూపించి ఏది ఖరీదైన బండో చెప్పమంటే చాలామంది ఆర్15 వైపే వేలు పెడతరు. మొఖం చూసి తరగతి లెక్కగడితే ఇట్లనే అయితది.

ఆర్15 ముక్కు పెద్దన్న ఆర్7 పోలిక: నడుమ ఒకే ప్రొజెక్టర్ లైటు, పక్కన రెండు సన్న కళ్లు. హ్యాండిల్ కూడా నిజంగానే కిందికి ఉంటది, ఒళ్లంతా ముందుకు వంగాల్సిందే. నింజా 650 బయటికి రేసు బండిలా కనిపించినా లోపల టూరింగ్ బండి గుణం. హ్యాండిల్ ఎత్తు మీద ఉంటది, నడుము నిటారుగానే ఉంటది. నింజా 300దీ అదే వరస. కేటీఎం ఆర్‌సీ 390, ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 ఈ రెండు కొసల నడుమ ఉంటయి. షోరూంలో ఒక నిమిషం కూర్చుంటే అన్నీ బాగానే అనిపిస్తయి. పది నిమిషాలు కూర్చుని, చేతులు హ్యాండిల్ మీదనే ఉంచండి. మణికట్టు ఎక్కడ గుంజుతదో అప్పుడు తెలుస్తది. సీటు ఎత్తు కూడా కాగితం మీద చూసుకోవాలె: నింజా 300 సీటు 780 మి.మీ., 650ది 790, ఆర్‌ఎస్ 457ది 800, ఆర్15ది 815, ఆర్‌సీ 390ది 835. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి 835 అంటే ట్రాఫిక్‌లో ఒక్క కాలి మునివేళ్ల మీద నిలబడటమే. ఇక వెనక సీటు సంగతి. ఆర్15 మీద అమ్మను వరంగల్ ఎంజీఎం దవాఖానకు తీసుకుపోదామనుకునేవాళ్లు ముందు ఆమెను ఒకసారి ఎక్కించి చూడటం మంచిది.

ఇప్పుడు దమ్ము సంగతి. ఆర్15: 155 సీసీ, 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి లెక్కే), 142 కిలోలు. ఆర్‌సీ 390: 373 సీసీ, 43.5 పీఎస్, 172 కిలోలు. ఆర్‌ఎస్ 457: 47.6 పీఎస్, 175 కిలోలు. నింజా 650: 68 పీఎస్, 196 కిలోలు. ఉత్త పీఎస్‌లు చూస్తే సగమే తెలుస్తది. 70 కిలోల మనిషిని ఎక్కించి టన్నుకు లెక్కేస్తే ఆర్15కి 87 పీఎస్ వస్తది, 457కి 194, 650కి 256. అంటే అసలు పెద్ద దుముకు 155 నుంచి 400 తరగతికి పోయేటప్పుడే ఉంది. అక్కడి నుంచి 650కి ఎక్కేది చిన్న మెట్టే, ధరలో మాత్రం పెద్ద మెట్టు.

ములుగు దాటినంక ఏటూరునాగారం వైపు రెండు వరసల రోడ్డు మీద ఇది కళ్లకు కడతది. ముందు లారీ 60 మీద పోతున్నది, ఎదురుగా ఖాళీ దొరికింది. ఆర్15లో వీవీఏ (ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు వాల్వ్‌ను ఎక్కువ తెరిచే ఏర్పాటు) 7,400 ఆర్‌పీఎం దగ్గర తెరుచుకుంటది, అసలు ఊపు దాని పైననే. కాబట్టి ఆరో గేరులో రేజ్ ఇచ్చి లాభం లేదు. రెండు గేర్లు దింపి, ఇంజన్ అరిచినంక దాటాలె. నింజా 650 టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 64 ఎన్‌ఎం, అదీ 6,700 దగ్గరనే, కింద కూడా కావలసినంత ఉంటది. గేరు ముట్టకుండానే దాటేయొచ్చు. వంద మీద పోయేటప్పుడు ఆర్15 ఇంజన్ ఏడు వేలకు పైన తిరుగుతుంటది, 650ది ఐదు వేల లోపే. కాజీపేట నుంచి ఘట్‌కేసర్ దాకా 163 నంబర్ హైవే మీద ఈ తేడా చెవులకూ చేతులకూ అలసటగా తెలుస్తది.

ఆర్‌సీ 390 దారి వేరు. సింగిల్ సిలిండర్‌లో 37 ఎన్‌ఎం ఉన్నా, మూడో గేరులో రివ్స్ తగ్గితే చైన్ పటపటా కొట్టుకుంటది. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో రెండో గేరులోనే ఉంచి, అవసరమైతే క్లచ్ కొంచెం జారనిచ్చి నడపాలె. రెండు సిలిండర్ల బండ్లకు ఈ బాధ తక్కువ.

వేడి గురించి ఎవరూ ముందు అడగరు, మేలో అడుగుతరు. 44 డిగ్రీల ఎండలో ఫెయిరింగ్ బండి సిగ్నల్ దగ్గర ఆగితే రేడియేటర్ ఫ్యాన్ వదిలే గాలి కాళ్ల మీదికే వస్తది. పెద్ద ఇంజన్‌తో ఎక్కువ వేడి, ఇది తప్పేది కాదు. తప్పించగలిగేది ఒకటుంది: కూలెంట్ తగ్గితే కొందరు బోరు నీళ్లు పోస్తరు. మన దిక్కు బోరు నీళ్లల్లో ఉప్పులెక్కువ. సన్న గొట్టాల్లో తెల్లటి పొర కట్టి, ఆ తర్వాత ఫ్యాన్ ఎంత తిరిగినా ఇంజన్ చల్లబడదు. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలె, ఇంజన్ పూర్తిగా చల్లారినంక, రిజర్వ్ డబ్బా మీద కింది గీతకూ పై గీతకూ మధ్యలో ఉండేలా.

అన్నిటికంటే ఎక్కువ మంది పొరపాటు పడేది గ్రౌండ్ క్లియరెన్స్ దగ్గర. ఆర్15కి 170 మి.మీ. ఉంటే నింజా 650కి 130 మాత్రమే. పైగా దాని సైలెన్సర్ డబ్బా ఇంజన్ కడుపు కిందనే ఉంటది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె. ఊర్లల్ల ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మెలకు ఈ లెక్క తెల్వదు: ఎత్తు ఎక్కువ, వెడల్పు జానెడు. వెనక మనిషి కూడా ఉంటే సస్పెన్షన్ దిగి డబ్బా అంచు గీసుకుంటది. దాదాపు ఆపి, ఏటవాలుగా ఎక్కించి, ముందు చక్రం దిగినంక రేజ్ ఇవ్వకుండా వెనక చక్రం దించాలె. వెనక ప్రీలోడ్ (షాక్ స్ప్రింగ్ బిగింపు) రెండు మెట్లు బిగిస్తే కొంత నయం.

యాసంగి కోతలప్పుడు ఇంకో గండం. రోడ్డులో సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతరు. వడ్ల మీద టైరు బేరింగ్ ఛర్రల మీద పోయినట్టే జారుతది. 160 వెడల్పు టైరైనా, ఏబీఎస్ ఉన్నా గింజల మీద బ్రేకు పట్టదు. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానియ్యదు అంతే. కుప్ప కనబడ్డప్పుడే వేగం తగ్గించుకుని, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటాలె. ఇక్కడ 142 కిలోల బండి 196 కిలోల బండి కంటే చాలా నయం.

పైసల లెక్కకు వస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దగ్గర గీత పడ్డది. దాని లోపల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైన 40కి ఎక్కింది. 7 లక్షల ఎక్స్ షోరూం ధర ఉన్న పెద్ద బండిలో 2 లక్షలు జీఎస్టీయే. లక్షా 70 వేల బండిలో దాదాపు 26 వేలు. 373 సీసీ ఆర్‌సీ, 457 కూడా గీతకు పైననే. నింజా 300, టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 కింద. లైఫ్ ట్యాక్స్ కూడా ధర మీద శాతమే కాబట్టి ఆ తేడా ఇంకా పెరుగుతది, ఆన్ రోడ్ ధర రాయించుకున్నంకనే పోల్చండి. ఇన్సూరెన్స్‌దీ ఇదే కథ: 2022లో పెట్టిన రేట్లల్ల కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు, ఆపైన 15,117. లైసెన్స్‌కు మాత్రం తేడా లేదు. గేరు బండి లైసెన్స్ ఉంటే 155 అయినా 650 అయినా ఒకటే. అది మంచిదా అంటే నాకు కాదనే అనిపిస్తది.

వరంగల్ నుంచి హైదరాబాద్ పోయి వస్తే సుమారు 290 కిలోమీటర్లు. లీటరుకు 42 ఇచ్చే ఆర్15కి 7 లీటర్లు పడుతది, 22 ఇచ్చే 650కి 13. 650 ట్యాంకు 15 లీటర్లే. సర్వీసు సెంటర్ ఊళ్లో లేకపోతే ప్రతి సర్వీసుకూ ఈ ఖర్చు కలుపుకోవాలె. ఆర్15 వాల్వ్ గ్యాప్ స్క్రూతో సరిచేసేది, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పట్టడం వచ్చిన మెకానిక్ చాలు. 650లో షిమ్‌లు (గ్యాప్ సరిచేసే చిన్న లోహపు బిళ్లలు) ఉంటయి, మార్చాలంటే క్యామ్‌షాఫ్ట్‌లు విప్పాలె. ఆ పని రోడ్డు పక్క షాపులో చేయించొద్దు.

రోజూ ఊళ్లో తిరుగుడే ఎక్కువైతే ఆర్15 దాటి పోవలసిన పని లేదు. నెలకు రెండు మూడు సార్లు హైవే ఎక్కేవాళ్లకు నా ఓటు 457కే. ధర బరువనిపిస్తే ఆర్‌ఆర్ 310. 650 ఇంట్లో ఇంకో బండి ఉన్నప్పుడే.

సెకండ్ హ్యాండ్ అయితే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పోవాలె. మీరు వచ్చేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లటి స్టార్టింగ్‌లో వినబడే చప్పుడు దాస్తున్నరేమో అని అనుమానించండి. ఇంజన్ చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత తెరిచి పైన నూనె తెట్టు ఉందేమో చూడండి. ఫోర్కు గొట్టాన్ని తెల్ల బట్టతో తుడిచి బండిని నాలుగుసార్లు కిందికి నొక్కండి. మళ్లీ తుడిస్తే నూనె అంటుకుంటే సీల్ పోయింది. ప్యాడక్ స్టాండ్ (వెనక చక్రాన్ని పైకి లేపే స్టాండు) మీద వెనక చక్రం తిప్పి, రిమ్ అంచుకు దగ్గరగా పెన్ను కదలకుండా పట్టుకోండి, గుంతలల్ల వంగిన రిమ్ పెన్ను దగ్గర అలలా కనబడుతది. చివరికి ఫెయిరింగ్‌ను చేత్తో మెల్లగా ఊపండి. టకటకమంటే లోపలి ప్లాస్టిక్ కొక్కేలు విరిగి ఉండొచ్చు, బండి ఎప్పుడో పడ్డదేమో అడగండి. ధర అక్కడి నుంచి మాట్లాడటం మొదలుపెట్టండి.