కొత్త ప్లాట్‌ఫామ్‌లకు వేరే వాలెట్: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

దాచుకునే క్రిప్టో కాయిన్లన్నీ హార్డ్‌వేర్ వాలెట్‌లోకి, అంటే తాళాలు నెట్‌కి దూరంగా ఉంచే చిన్న పరికరంలోకి, మార్చేశాను. కొత్త సైట్లు, స్వాప్‌లు (ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకోవడం) చూడ్డానికి పాత ఫోన్‌లో మెటామాస్క్ అనే వాలెట్ యాప్ పెట్టి, దానికి పూర్తిగా వేరే సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్‌ని మళ్లీ తెరిచే రహస్య పదాల వరస, తీసుకున్నాను. ఒకే సీడ్ కింద ఇంకో అకౌంట్ తెరిస్తే సరిపోదా అన్నాడు మా తమ్ముడు. సరిపోదు. సీడ్ బయటపడితే దాని కింద ఉన్నవన్నీ పోతాయి. ఎక్స్‌ఛేంజ్‌లోనే ఉంచుదామంటే తాళం మన దగ్గర ఉండదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా ఎలా పోయాయో చూశాం కదా.

ఈమధ్య ఎక్కువ టైమ్ తిన్నది అప్రూవల్స్, అంటే మన కాయిన్లు వాడుకోమని సైటుకి ఇచ్చే అనుమతులు. స్వాప్‌కి ముందు మెటామాస్క్ 'ఎంతవరకు వాడుకోవచ్చు' అని అడుగుతుంది. సైటు అక్కడ అంతులేని అంకె పెడుతుంది. దాన్ని చెరిపేసి, మార్చాల్సిన 20 యూఎస్‌డీసీ (డాలర్ విలువకి కట్టిన కాయిన్) మాత్రమే కొడుతున్నాను. తర్వాత డిస్‌కనెక్ట్ నొక్కినా, వాడకుండా మిగిలిన అనుమతి చైన్ (లావాదేవీలన్నీ నమోదయ్యే బ్లాక్‌చైన్) మీద అలాగే ఉంటుంది. ఆ లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లో టోకెన్ అప్రూవల్ పేజీకి వెళ్లి రివోక్ (రద్దు) చేస్తున్నాను. దానికీ గ్యాస్ ఫీజు (నెట్‌వర్క్‌కి ఈథర్ కాయిన్‌లో కట్టే రుసుము) పడుతుంది కాబట్టి వాలెట్‌లో కొంచెం ఈథర్ మిగల్చాలి.

కొత్త చోట ముందు చిన్న మొత్తం వేసి, వెనక్కి తీసుకుని చూస్తాను. స్క్రీన్ మీద లాభం ఎంత కనిపించినా, చేతికి వచ్చాకే లెక్క. 'విత్‌డ్రా కావాలంటే ముందు పన్ను కట్టండి' అన్నారంటే మోసమే. లాభం మీద 30 శాతం పన్ను మనం ప్రభుత్వానికి కట్టేది, సైటుకి కాదు.

ఇక హార్డ్‌వేర్ వాలెట్ సీడ్ రాసిపెట్టుకోవడం. మాది విశాఖలో సముద్రం పక్కన లాసన్స్ బే వైపు ఇల్లు, ఉప్పుగాలికి బీరువా అంచులే తుప్పు పడతాయి, కాగితం మీద నాకు నమ్మకం లేదు. ఆటోనగర్‌లో ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టీలు ముక్క కోయించి, అక్షరాల పంచ్‌లతో ఇంట్లోనే కొట్టాను. నేమ్‌ప్లేట్లు చెక్కేవాళ్లకి ఇస్తే సీడ్ వాళ్ల చేతిలో పెట్టినట్టే. సీడ్ పదాలు వచ్చే 2048 ఇంగ్లిష్ పదాల జాబితాలో మొదటి నాలుగు అక్షరాలు ఏ రెండు పదాలకీ ఒకేలా ఉండవు, కాబట్టి 24 పదాలకి మహా అయితే 96 దెబ్బలు. 'ఎమ్' తిరగబడితే 'డబ్ల్యూ'లా పడుతుంది, అందుకే ప్రతి పంచ్‌కీ పైవైపు మార్కర్ గీత పెట్టుకున్నాను. సుత్తి మోతకి కింది పోర్షన్ ఆంటీ పైకొచ్చి అడిగారు, ఏం కడుతున్నావు బాబూ అని.

కాయిన్లు పంపే ముందే వాలెట్ రీసెట్ చేసి, ప్లేటు చూసి మళ్లీ తెరిచాను. అదే అడ్రస్ వచ్చింది. ఇక లెండింగ్ సైట్లు (కాయిన్లు అప్పు ఇచ్చి పుచ్చుకునేవి) చూడాలి, మొదట అసలు డబ్బు అక్కర్లేని సెపోలియా అనే ప్రయోగ నెట్‌వర్క్ (టెస్ట్‌నెట్)లోనే.