విక్టోరియా నగరపు హద్దురాళ్లు: నాలుగోది దొరికింది

హాంకాంగ్ ద్వీపంలో విక్టోరియా నగరపు పొలిమేరను చూపుతూ బ్రిటిష్ పాలకులు 1903లో పాతించిన హద్దురాళ్లలో నేను చూసి, కొలిచి, నోటుపుస్తకంలోకి ఎక్కించినవి ఈ ఆదివారంతో నాలుగయ్యాయి. చాలాకాలం అందరి లెక్కలోనూ ఉన్నవి ఏడు రాళ్లే. వాటిలో మ్యాగజీన్ గ్యాప్ రోడ్డు మీదిది 2007లో మాయమైంది. ఈ మధ్య కొండదారుల్లో తిరిగేవారి కంట మరికొన్ని పడ్డాయి.

నాలుగో రాయి కోసం ఒక పూట వృథా అయింది, తప్పు నాదే. ఈ నగరపు హద్దుల వివరణ నేటికీ హాంకాంగ్ చట్టంలో ఉంది. ఉత్తరాన రేవు, దక్షిణాన చాలామేరకు 700 అడుగుల కాంటూరు రేఖ, అంటే కొండ మీద అదే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. ఆ ఎత్తును లెక్కించే మూలమట్టం ‘రైఫిల్‌మన్స్ బోల్ట్’ అనే గుర్తుకు 17.833 అడుగుల దిగువన ఉంటుందని కూడా అందులో రాశారు. ఆ నిక్కచ్చితనానికి ముచ్చటపడి, ఫోన్‌లోని మ్యాపు మీద 213 మీటర్ల (700 అడుగుల) రేఖను గీసుకుని, హ్యాపీ వ్యాలీకి పైనున్న వాలంతా గాలించాను. రాయేమో కింద చదునులో, వాంగ్ నై చుంగ్ రోడ్డు వెంట, గుర్రప్పందేల మైదానం పక్కనే ఉంది. అది తూర్పు హద్దుది. అక్కడ గీత కాంటూరును వదిలి వీధులను పట్టుకుని పోతుంది. చట్టంలోని తూర్పు భాగాన్ని కూడా చదివి బయలుదేరి ఉంటే అంత ఎక్కే పనే ఉండేది కాదు.

రాయి నాలుగు పలకలుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. రికార్డుల్లోని ఎత్తు 98 సెంటీమీటర్లు. నేల పెరిగిన చోట టేపు అంతకంటే తక్కువ చూపుతుంది కనుక, నాలుగు వైపులా కొలిచి నాలుగు అంకెలూ రాసుకోవడం మేలు. ‘సిటీ బౌండరీ 1903’ అన్న ఇంగ్లీషు అక్షరాలు మధ్యాహ్నపు ఎండలో చదునుగా కనిపిస్తాయి. టార్చిని రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పారిస్తే, గాట్లలో నీడ నిండి 9లోని వంపు దాకా తేటగా ఫొటోలోకి వస్తుంది. సుద్ద పూయడం, బ్రష్‌తో నాచు గీకడం నేను చేయను. ఒకసారి పోయిన రాతిపొర మళ్లీ రాదు.

వచ్చేది హాటన్ రోడ్డు రాయి. చెట్ల కింద జీపీఎస్ తడబడుతుంది కాబట్టి, ఈసారి దగ్గరలోని దీపస్తంభం నంబరును, అక్కడి నుంచి రాయికి ఎన్ని అడుగులో కూడా రాసుకుంటాను.